రెండు చోట్ల తెగిన కేబుల్

ఫిబ్రవరి 3

వదినకి,

ఇక్కడ మనుషులందరం క్షేమం. పైకప్పు సంగతి మాత్రం హామీ ఇవ్వలేను. అందుకే ఈ ఉత్తరం.

ఫోన్ చెయ్యచ్చుగా అంటావు. డ్రిల్లు పక్కన ఇన్నేళ్లు నిలబడ్డాక నా చెవులకి ఫోన్లో మాటలు వినపడటం మానేశాయి. నూనెలో ఏదో వేగుతున్న చప్పుడే తప్ప మనిషి గొంతు తెలియదు. పోనీ అక్షరాలు కొడదామంటే నా బొటనవేలు ఒక్కసారికి మూడు అక్షరాల మీద పడుతుంది. నువ్వు ఆ ల్యాబులో చేరి ఊరు మారేటప్పుడు, "మరిదీ, నువ్వు కాగితం మీదే రాయి, నువ్వు తిట్టినా దాచుకోవచ్చు" అన్నావు. దాచుకో మరి.

మా గనిలో ఎడమ సొరంగం అని ఒకటి ఉంది. దాని పైకప్పు ఒకే రాయి కాదు, దొంతరలుగా ఉంటుంది. కింది దొంతర మీద పై దొంతర పక్కకి జరుగుతోందని నా అనుమానం. ఆ దొంతరల్ని కలిపి పట్టుకోవడానికే మేము కేబుల్ బోల్టులు వేస్తాం. పైకి నిలువుగా కన్నం తొలిచి, మెలేసిన ఉక్కు తీగల కేబుల్ దూర్చి, పలచటి సిమెంటు ఎక్కించి, కింద ప్లేటూ నట్టూ బిగిస్తాం. బొంతకి కుట్టు వేసినట్టే అనుకో. కుట్లు ఎంత దగ్గరగా ఉండాలన్నదే ఇప్పుడు గొడవ. రెండు మీటర్లకొకటి చాలంటాడు మేనేజరు. మీటరుకొకటి ఉండాలంటాను నేను.

నిన్న ఆయన ఆఫీసు బోర్డు మీద సుద్దముక్కతో పెద్దగా రాసి చూపించాడు. ఈ కేబుల్‌ని అడ్డంగా కోస్తే తొంభై టన్నుల దాకా ఆగుతుందట. మీ ల్యాబు వాళ్లే తేల్చారట. నాకు బుర్ర తిరిగిపోయింది. అదే కేబుల్‌ని నిలువుగా లాగితే అరవై టన్నులకి తెగుతుందని కేబుల్ చుట్టకి కట్టిన రేకు మీదే ఉంది. లాగితే అరవైకే తెగేది, కోస్తే తొంభై దాకా ఎలా ఆగుతుంది? అడిగితే మేనేజరు నవ్వాడు. ఆయన నవ్వితే మిగతావాళ్లూ నవ్వారు.

తిక్క నాదా, బోర్డుదా? ఒక్క ముక్క రాయి.

అన్నయ్య బావున్నాడు. మోకాలు మాత్రం మెట్ల దగ్గర మొరాయిస్తోంది. నువ్వూ రెండు ముక్కలు రాయరాదా అంటే, ఆదివారం ఫోన్లో మాట్లాడుతున్నాగా అన్నాడు. మనిషి సంగతి నీకు తెలిసిందే.

నీ మరిది

ఫిబ్రవరి 9

ముక్కోపి మరిదికి,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. కోపం తెచ్చుకోకు, మేనేజరు నవ్వు వేరు, నా నవ్వు వేరు.

ముందు నా గోడు విను. నా గది కిటికీ ల్యాబు పెరట్లోకి తెరుచుకుంటుంది. అక్కడ కాంక్రీటు దిమ్మెలు తడిగోనెలు కప్పుకుని ఆరుతుంటాయి. పొద్దున లేస్తే వాటి మొహమే చూడాలి. ఇంటావిడ నా స్నానాల గది కొళాయి బాగుచేయిస్తానని వచ్చినప్పటినుంచీ అంటోంది. అది కారుతూనే ఉంది, ఆవిడ అంటూనే ఉంది.

ఇక నీ తొంభై. అది నిజమే. ఆ కేబుల్‌కి నట్టు బిగించింది ఈ చేతులే. ఎలా చేస్తామో చెప్తాను, నీ అనుమానం తీరుతుంది. మూడు కాంక్రీటు దిమ్మెల్ని వరసగా పెడతాం. మూడింటి మధ్యలోంచీ ఒకే కేబుల్ దూర్చి సిమెంటు ఎక్కించి, ఆరాక బిగిస్తాం. అటూ ఇటూ ఉన్న దిమ్మెలు కదలవు. నడిమి దిమ్మెని యంత్రం పైనుంచి నొక్కుతుంది. అది కిందికి జారుతుంటే లోపల కేబుల్ అడ్డుపడుతుంది. ఒక్కసారిగా తెగదు. తీగ తర్వాత తీగ తెగుతుంది, తెగినప్పుడల్లా దిమ్మెలు ఉలిక్కిపడతాయి. చివరికి తెగేసరికి నడిమి దిమ్మె నాలుగు వేళ్ల మందం జారింది. అప్పుడు యంత్రం చూపించినది తొంభై.

ఎందుకు ఎక్కువ ఆగిందంటావా? కేబుల్ కత్తికింద కూరగాయలా తెగిపోదు. ముందు వంగుతుంది. వంగినచోట సిమెంటు పిండి అవుతుంది. ఆ తర్వాత సాగడం మొదలుపెడుతుంది. దిమ్మెలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి, ఆ రాపిడి కూడా కొంత మోస్తుంది. చెప్పడం తేలిక, తెగుతుంటే పక్కన నిలబడి చూడటం కష్టం. నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు.

కాబట్టి మేనేజరుతో ఊరికే పంతానికి పోకు.

మీ అన్నయ్యకి స్టూలు అలవాటైందా? రోజంతా దాని మీదే కూర్చుంటే మోకాలు బిగుసుకుపోతుంది, మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వెయ్యమను. నేను చెప్తే "ఊ" అంటారు. ఆ ఊకి అర్థం ఏమిటో పెళ్లయినప్పటినుంచీ కనిపెడుతున్నాను.

నీ వదిన

ఫిబ్రవరి 15

వదినకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. రాపిడి అన్నావు, సాగుతుందన్నావు, సిమెంటు పిండి అన్నావు. అన్నీ అర్థమైనట్టే ఉన్నాయి, కలిపి చూస్తే మళ్లీ మొదటికి వస్తున్నాను. అయినా బిగించింది నువ్వే అన్నాక ఇంకేం మాట్లాడను? మర్నాడే ఆఫీసుకి వెళ్లి, "మీరు చెప్పిందే సరి, మీటరుకొకటి అక్కర్లేదు" అని ఒప్పేసుకున్నాను. మేనేజరు కుర్చీ చూపించి టీ కూడా తెప్పించాడు. ఓడిపోయినవాడికి ఇచ్చే టీ ఎంత తియ్యగా ఉంటుందో తెలుసా, గొంతు దిగదు.

మావాళ్లు ఊరుకుంటారా? "కప్పు సారు" అని పేరు పెట్టారు. టోపీ మీద రాయి పడుతుందేమో చూసుకోండి సారూ అంటారు. నేనూ నవ్వుతున్నాను. నిజం చెప్పాలంటే తేలికగానే ఉంది. ఇన్నాళ్లూ ఆ సొరంగంలోకి దిగినప్పుడల్లా మెడ వెనక ఏదో బిగిసేది. నువ్వు రాశాక అది వదిలింది.

ఒక్క సంగతి. కేబుల్ వెయ్యని పాత కన్నం ఒకటి ఉంటే లోపలికి దీపం కొట్టి చూశాను. నిలువుగా ఉండాల్సిన కన్నంలో సగం దూరాన చిన్న మెట్టు కనపడింది. పై సగం పక్కకి జరిగింది, బొటనవేలి మందం. మొన్నటిదాకా అయితే గుండె జారేది. నువ్వు నాలుగు వేళ్లన్నావు కదా, ఇంకా మూడు వేళ్లు మిగిలాయని సరిపెట్టుకున్నాను.

నువ్వు రాసిన స్టూలు సంగతి తలా తోకా అర్థం కాలేదు. వెక్కిరింపైతే వెక్కిరించు, కాకపోతే నాకు తెలిసేలా వెక్కిరించు.

నీ మరిది

ఫిబ్రవరి 16

మరిదికి,

నీ దగ్గర్నుంచి జవాబు రాకముందే ఇంకోటి రాస్తున్నాను. నన్ను చూసి నేర్చుకోమని మీ అన్నయ్యకి చెప్పు.

కొళాయి బాగైంది. ఇంటావిడ కాదు, నేనే రెంచి తెచ్చి బిగించాను. ఆవిడ చూసి, "అయ్యో, మీకు వచ్చా! అయితే వంటింటిది కూడా..." అంది. చూపించకూడని విద్య చూపించాను.

ల్యాబులో ఇప్పుడు గరుకు తీగల కేబుల్ మీద పని. గరుకుగా ఉంటే సిమెంటుని గట్టిగా పట్టుకుంటుంది, కానీ అంతగా సాగకుండానే తెగుతుంది. నున్నటిది కాస్త జారుతుంది కాబట్టి ఎక్కువసేపు ఓర్చుకుంటుంది. మొండిగా పట్టుకున్నవాళ్ల గతి అంతేనని నీకు రాద్దామనుకున్నాను, రాసేశాను.

గిన్నెలు కడుగుతుంటే ఒక మాట గుర్తొచ్చింది. కిందటి ఉత్తరంలో రాశానో లేదో తెలియడం లేదు. ఆ తొంభై రెండు ముఖాలకీ కలిపి. నడిమి దిమ్మెకి ఇటొకటి అటొకటి రెండు చోట్ల తెగాలి కదా. మీ కప్పులో జారేది ఒక్కచోటే. అంచేత సగం చేసుకోవాలి, నలభై అయిదు. మా దగ్గర యంత్రం చూపించిన అంకెనే చెప్పుకుంటాం. సగం చెయ్యాలని ఎవరూ నోటితో అనరు, అందరికీ తెలిసిందే కనక. నీకూ ఈపాటికి తట్టే ఉంటుంది. మేనేజరుతో గొడవకి పనికొస్తే వాడుకో. ఆయన మొహం ఎలా మారిందో మాత్రం తప్పకుండా రాయాలి.

మీ అన్నయ్య నిన్న ఫోన్లో మోకాలు బావుందన్నారు. వర్క్‌షాపులో వేసవికి ఫ్యాను ఉందో లేదో అడిగితే "ఊ" అన్నారు.

నీ వదిన

ఫిబ్రవరి 22

వదినకి,

ఈ ఉత్తరం కోపంగా రాస్తున్నాను, కోపంగానే చదువు.

నేను ఒప్పేసుకున్నానని, నన్ను కప్పు సారు అంటున్నారని రాశాను. వెంటనే నీ దగ్గర్నుంచి తొంభై కాస్తా నలభై అయిదు అయి వచ్చింది. గిన్నెలు కడుగుతుంటే గుర్తొచ్చిందట! అంతకుముందు నిజమే నిజమే అన్న మనిషివి. నేను రాసింది చాలక అన్నయ్య కూడా ఫోన్లో నా అవమానం పూసగుచ్చి ఉంటాడు. మరిది పరువు నిలబెడదామని ఒక అంకె వెతికిపెట్టావు. "గొడవకి పనికొస్తే వాడుకో" అని నువ్వే రాశావు చూడు. వదినా, నా మీద నీకున్న ప్రేమ నాకు తెలుసు. కానీ జాలితో లెక్కలు మార్చకు. మళ్లీ మేనేజరు దగ్గరికి వెళ్లి, "మా వదిన మాట మార్చిందండీ" అనడానికి నాకు మొహం చెల్లదు.

నాకు ఇప్పుడు ఏది నమ్మాలో కూడా తెలియడం లేదు. మొదటి ఉత్తరం నమ్మితే రెండోది అబద్ధం. రెండోది నమ్మితే ఒప్పేసుకున్న నేను వెధవని. మొదటిదే నమ్ముదామని తేల్చుకున్నాను.

ఆ స్టూలేమిటి, ఫ్యానేమిటి? గనిలో స్టూళ్లెక్కడివి? అన్నయ్య రోజూ నాతోనే ఎడమ సొరంగంలోకి దిగుతున్నాడు. ఈమధ్య ఆయన కూడా విచిత్రంగా తయారయ్యాడు. పొద్దున్నే అందరికంటే ముందు లోపలికెళ్లి, కప్పుని ఇనపకడ్డీతో తట్టి చప్పుడు చూడటం నా పని. గట్టిగా పలికితే మంచిది, డొల్లగా పలికితే జాగ్రత్త. ఇప్పుడు నా వెనకే వచ్చి కడ్డీ లాక్కుని తనే తడుతున్నాడు. పని మధ్యలో చెయ్యెత్తి అందర్నీ ఆపేస్తాడు. ఏమిటంటే ఏం లేదంటాడు. వయసు మీద పడుతోందేమో. నువ్వే కాస్త చెప్పు.

నీ మరిది

ఫిబ్రవరి 27

మరిదీ,

ఇది తపాలాలో వెయ్యడం లేదు. మీ గనికి కేబుల్ చుట్టలు తెస్తున్న లారీ డ్రైవరు చేతిలో పెడుతున్నాను. నీకే ఇమ్మని, ఇంకెవరికీ ఇవ్వొద్దని చెప్పాను.

నా రెండో ఉత్తరం మీద తారీఖు చూడు. నీ అవమానం సంగతి నాకు తెలియకముందే రాశాను. నీ పదిహేనో తారీఖు ఉత్తరం ఆ తర్వాత వచ్చింది. బొటనవేలు, మెట్టు చదివి కంగారుపడ్డాను. ఈపాటికి నా సవరణ అంది ఉంటుందిలే అని ధీమాగా కూర్చున్నాను. నువ్వు దాన్ని జాలి అనుకుంటావని కలలో కూడా అనుకోలేదు.

మీ అన్నయ్య కిందికి దిగుతున్నారా? రెండు నెలల క్రితం ఆయనే ఫోన్లో చెప్పారు, రేపటినుంచి పైన వర్క్‌షాపులో పని, స్టూలు మీద కూర్చుని డ్రిల్లులు బాగుచెయ్యడమేనని. అప్పటినుంచీ నేను నిశ్చింతగా నిద్రపోతున్నాను. ఇందాక ఫోన్ చేస్తే ఆగిపోయి ఉంది. మీ ఆఫీసుకి చేశాను. ఎత్తిన మనిషి, "బోర్డు మీద తొంభై అనే ఉందమ్మా" అని పెట్టేశాడు. మా ల్యాబు పెద్దాయన ఊళ్లో లేరు, ఆయన సంతకం లేకుండా ల్యాబు పేరుతో కాగితం ఇవ్వలేను.

కాగితాలతో నేను నిన్ను ఒప్పించలేనని అర్థమైంది. అందుకే ఆ కేబుల్‌నే పంపిస్తున్నాను. దిమ్మెలు పగలగొట్టి తీశాను. గోనెగుడ్డ విప్పి చూడు, మూడు ముక్కలుంటాయి. వరసగా పేర్చు. రెండు చోట్ల వంగి, రెండు చోట్ల తెగింది. తెగిన ఆ రెండు చోట్లూ కలిపి తొంభై. నీ నెత్తిన ఉన్న కప్పులో ఒక్కటే తెగుతుంది. నేను జాలిపడితే ఇనుము రెండు చోట్ల తెగదు.

ఆయన చెయ్యెత్తి ఆపుతున్నారంటే ఏం లేక కాదు. ఆయనకేదో వినపడుతోంది. నీకు వినపడటం లేదా?

అందర్నీ బయటికి తీసుకురా. తర్వాత నన్ను ఎంతైనా తిట్టుకో.

వదిన

మార్చి 3

వదినకి,

ముందు అసలు మాట. అందరం పైనే ఉన్నాం. అన్నయ్య నా ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు. ఇప్పుడు ఊపిరి పీల్చుకుని మిగతాది చదువు.

లారీ వచ్చేసరికి నేను పై ఆఫీసులో ఉన్నాను, అన్నయ్యా మిగతావాళ్లూ కింద ఉన్నారు. ఉత్తరం తర్వాత చదివాను. ముందు గోనెగుడ్డే విప్పాను, బరువుగా ఉంటే ఏమిటో అని. మూడు ముక్కలూ నేలమీద పేర్చి వేలితో ఒక తెగిన చోటు తడిమాను, తర్వాత రెండోది తడిమాను. అప్పుడు అర్థమైంది. రెండు ఉత్తరాల్లో అర్థం కానిది వేలికి అర్థమైంది. భయం వేసింది వదినా. నా జన్మలో అంత భయపడలేదు.

కిందికి పరిగెత్తాను. కప్పు సారు వచ్చాడని ఎవరో నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయారు. పనిముట్లు అక్కడే వదిలేసి నడవమన్నాను. అన్నయ్య అందరికంటే వెనక, నా పక్కనే నడిచాడు.

మేనేజరు బల్లమీద ఆ మూడు ముక్కలూ పెట్టాను. ఆయనా తెగిన చోట్లు రెండూ తడిమి చూశాడు. మంచివాడే. నాకు పట్టిన తికమకే ఆయనకీ పట్టింది. తనే లేచి వెళ్లి బోర్డు మీద తొంభై చెరిపేశాడు. మర్నాడు సొరంగం మొదట్లో, గట్టి దిమ్మల ఆసరా పెట్టించి, పాత కేబుళ్లకి ఒక్కోదానికి దూరం నుంచి జాకీ పెట్టి లాగించాం. చాలావరకు కదల్లేదు. ఒకటి మాత్రం సులువుగా కిందికి వచ్చేసింది. రెండు మూరల ముక్క, పై కొస వంగి తెగి ఉంది. నువ్వు పంపినదాని పక్కన పెట్టి చూస్తే ఒకే పోలిక. కొన్ని తీగల కొసలు తుప్పుపట్టి ఉన్నాయి, కొన్ని కొత్తగా మెరుస్తున్నాయి. అంటే మేము రోజూ దాని కింద నుంచి నడుస్తుంటే అది ఒక్కో తీగే తెగుతూ వచ్చింది. ఏ తీగ ఏ రోజు తెగిందో ఎవరూ చెప్పలేరు. నేను మేనేజరు టీ తాగిన రోజు ఏ తీగ తెగిందా అని ఆలోచిస్తున్నాను. ఆలోచిస్తే మతి పోతోంది, మానేద్దామంటే కుదరడం లేదు.

అన్నయ్యకి ఆ చప్పుడు వినపడుతూనే ఉందట. సన్నగా, టక్కుమని. చెయ్యెత్తింది అందుకే. నాకు చెప్పచ్చుగా అంటే, "చెప్పానురా, మొదటిసారి చెయ్యెత్తిన రోజే రెండుసార్లు చెప్పాను" అన్నాడు. నేను వినలేదు. మొండితనంతో కాదు వదినా, నిజంగా వినలేదు. మిగతావాళ్లతో చెప్పలేదట, నా చెవుల సంగతి బయటపడుతుందని.

ఎల్లుండి నుంచి మీటరుకొకటి వేస్తున్నారు. వేయించేది నేను కాదు. నా చెవుల సంగతి మేనేజరుకి నేనే చెప్పేశాను. కప్పు తట్టి చప్పుడు వినాల్సిన పనిలో చెవులు లేనివాడు ఉండకూడదు. నన్ను పైనే కొత్తవాళ్లకి పని నేర్పే గదిలో వేశారు, అన్నయ్యకి వర్క్‌షాపు ఇచ్చారు. స్టూలు కూడా చూశాను. ఒక కాలు పొట్టి.

వర్క్‌షాపులో ఉన్నానని నీకెందుకు చెప్పాడని అడిగితే, తనే రాస్తానన్నాడు. నమ్ము, కలం తీసుకున్నాడు. కింద ఆయన రాత.

నీ మరిది

నీకు అబద్ధం చెప్పలేదు. ఆ ఆదివారం వర్క్‌షాపు కాగితం నా జేబులోనే ఉంది. రేపటినుంచి పైనే పని అని నీకు ఫోన్లో చెప్తుంటే వీడు నా పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దగ్గర నిలబడి ఉన్నాడు. నేను వెళ్లిపోతున్నానంటే వీడు గంతులేస్తాడో, తిడతాడో అని మొహం చూశాను. వీడు బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. వినపడలేదు. అంత దగ్గర నా గొంతే వినపడనివాడికి రాయి గొంతు ఏం వినపడుతుంది? ఆ కాగితం చించేశాను. నీకు మళ్లీ ఫోన్ చేసి చెప్పడానికి ధైర్యం చాల్లేదు. ఇక ఊ అనను, అడిగినదానికి జవాబు చెప్తాను. ఫ్యాను ఉంది.